మెదడు పరిశోధనలోకి వెళ్లాలనుకునే ఓరుగల్లు పిల్లలకు: ఏ కోర్సు, ఏ ల్యాబ్, ఏ గైడ్

పోయిన జూన్‌లో, మొదటి వాన పడ్డ వారం, పరకాల నుంచి ఒక చెల్లె వాళ్ల బాపును వెంటబెట్టుకుని నయీంనగర్‌లోని మా ఇంటికి వచ్చింది. హైదరాబాద్‌లో సైకాలజీ ఎంఎస్సీ అప్పుడే పూర్తి చేసింది. చేతిలో ప్లాస్టిక్ కవర్, అందులో మూడు కాగితాలు. ఒకటి మెదడులోని విద్యుత్ మార్పులను రికార్డు చేసే ఈఈజీ ల్యాబ్‌లో ఏడాది పాటు ప్రాజెక్ట్ అసోసియేట్ ఉద్యోగం. రెండోది బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్ సీటు, దానికి 30 లక్షలకు పైగా లోన్ కావాలి. మూడోది వెంటనే చేరగలిగే పీహెచ్‌డీ సీటు, కాకపోతే ఆ గైడ్ పనిచేసేది కౌన్సెలింగ్ మీద. "అక్కా, ఈ మూడింట్ల ఏది పట్టుకోవాలె?" అని అడిగింది. వాళ్ల బాపు కుర్చీ అంచున కూర్చుని ఆ కాగితాలనే చూస్తున్నాడు.

ఇలా అడిగేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. ఎన్‌ఐటీలో బీటెక్ చదివేవాళ్లు, కాకతీయ మెడికల్ కాలేజీ (కేఎంసీ)లో ఎంబీబీఎస్ వాళ్లు, జనగామ, మంచిర్యాల వైపు బీఎస్సీ చేస్తున్నవాళ్లు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేదంతా ఒకచోట రాస్తున్నాను. నేను ఈ దారిలోనే ఎంఎస్సీ, ఒక ప్రాజెక్ట్, పీహెచ్‌డీ, విదేశంలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) చేసి తిరిగొచ్చాను. నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి, అవి దాచకుండానే చెబుతాను.

అందులో మొదటిది ఇప్పుడే చెప్పేస్తా. ఈ రంగంలో తొలి పదేళ్లు ఏ మలుపు వచ్చినా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇక్కడి నుంచి బయటికొచ్చేసరికి నా చేతికి ఏ పని వచ్చి ఉంటుంది? ఆ పని నేర్పే మనిషి నా పక్కన ఎంతసేపు కూర్చుంటారు? దేశం పేరు, యూనివర్సిటీ ర్యాంకు ఆ తర్వాతి లెక్క.

ఇంతకీ ఈ చదువు ఏమిటి

మనిషి చూడడం, వినడం, గుర్తుపెట్టుకోవడం, మాట్లాడడం, నిర్ణయం తీసుకోవడం, ఇవన్నీ మెదడులో ఎలా జరుగుతాయో ప్రయోగాలు పెట్టి కొలిచే శాస్త్రం కాగ్నిటివ్ న్యూరోసైన్స్. ఆ పేరు 1970ల చివర్లో న్యూయార్క్‌లో ఒక ట్యాక్సీలో పోతూ మైకేల్ గజానిగా, జార్జ్ మిల్లర్ అనుకున్నదని చెబుతారు. ఇది చదివితే వైద్యం చేసే డాక్టర్ కారు. ఇంట్లో ఈ మాట మొదటి రోజే స్పష్టంగా చెప్పండి, తర్వాత చాలా టెన్షన్ తగ్గుతుంది.

ఇదంతా మనకు దూరపు విషయం అనుకోకండి. హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్ల వివరాలు పరిశీలించి 2013లో ఒక పరిశోధన ప్రచురించింది. రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో మతిమరుపు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని అందులో తేలింది. చదువురాని వాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. తెలుగు, దక్కనీ, హిందీ, ఇంగ్లిష్ మాట్లాడే మామూలు జనమే ఆ పేషెంట్లు. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, బజార్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు మహబూబాబాద్ జిల్లాలో ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. ములుగు వైపు కోయ, ఆదిలాబాద్‌లో గోండి, మరాఠీ. పడమటి దేశాల ల్యాబ్‌లకు దొరకని ప్రశ్నలు మన వాకిట్లోనే ఉన్నాయి. నన్ను తిరిగి ఇక్కడికి రప్పించింది కూడా అదే.

మీరు ఏ డిగ్రీతో వస్తున్నారు

సైకాలజీ వాళ్లకు ప్రయోగం ఎలా పెట్టాలో తెలుసు, కోడింగ్ రాదు. బీటెక్ వాళ్లకు కోడింగ్, సిగ్నల్ ప్రాసెసింగ్ వచ్చు, కానీ మనిషిని కూర్చోబెట్టి అడగదగ్గ ప్రశ్న ఏదో తెలియదు. లైఫ్ సైన్సెస్ వాళ్లకు న్యూరాన్ గురించి బాగా తెలుసు, లెక్కలంటే జంకు. ఎంబీబీఎస్ వాళ్లకు అనాటమీ, పేషెంట్లు రెండూ ఉంటాయి, టైమే ఉండదు. చేయిపోయినా ఉన్నట్టే అనిపించే ఫాంటమ్ నొప్పికి అద్దం పెట్టెతో ఉపశమనం చూపించిన వి.ఎస్.రామచంద్రన్ చెన్నైలో మెడిసిన్ చదివి, కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేసినవాడే. అంటే ఏ గుమ్మంలో నుంచి వచ్చినా లోపలికి రావచ్చు, లేనిది నేర్చుకోవాలి అంతే.

అందరికీ కావాల్సింది స్టాటిస్టిక్స్. ఇందులో మినహాయింపు లేదు. కోడింగ్‌కు పైథాన్ గానీ ఆర్ గానీ, ఈ రెండు కంప్యూటర్ భాషల్లో ఒకటి పట్టుకోండి, రోజుకో గంట, ఆరు నెలలు. ఇది ఊళ్లో ఉండి కూడా చేయగలిగిన పని.

ఇంకో మాస్టర్సా, ఒక ఏడాది ప్రాజెక్టా

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

మూడేళ్ల బీఎస్సీ, బీఏ చేసినవాళ్లకు ఆలోచించాల్సిన పనే లేదు, మాస్టర్స్ చేయాలి. మన దేశంలో పీహెచ్‌డీకి 55 శాతంతో మాస్టర్స్ ఉండాలి, లేదా నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉండాలి. యూజీసీ 2022లో తెచ్చిన నిబంధన ఇది, రిజర్వేషన్ వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. మనకు దగ్గరలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్‌కు ప్రత్యేకంగా ఒక సెంటర్ ఉంది. గాంధీనగర్ ఐఐటీ, ఢిల్లీ ఐఐటీ, అలహాబాద్ యూనివర్సిటీలోని కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్, హర్యానాలోని మానేసర్‌లో నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్, ఇవన్నీ చూడాల్సినవే. కోడింగ్ బలం ఉన్న బీటెక్ వాళ్లకు ట్రిపుల్ఐటీ హైదరాబాద్‌లోని కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ బాగా నప్పుతుంది. అక్కడ ఎంఎస్ కూడా రీసెర్చ్‌తోనే నడుస్తుంది, పీజీఈఈ అనే పరీక్ష ఉంటుంది.

ఇప్పటికే మాస్టర్స్ ఉన్నవాళ్లు, నాలుగేళ్ల బీటెక్ ఉన్నవాళ్లు మాత్రం ఇంకో మాస్టర్స్‌కు తొందరపడకండి. ముందు ఒక ఏడాది ల్యాబ్‌లో ప్రాజెక్ట్ ఉద్యోగం చేయండి. మాస్టర్స్‌లో పది సబ్జెక్టులు తెలుస్తాయి, తోటివాళ్లు దొరుకుతారు, డిగ్రీ చేతికొస్తుంది. ప్రాజెక్ట్‌లో డిగ్రీ రాదు. కానీ మనుషుల మీద ప్రయోగాలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి అప్లికేషన్ రాయడం, మనుషుల్ని పిలిచి ఒప్పించడం, డేటా పాడైతే ఎక్కడ పాడైందో వెతకడం వస్తాయి. పైగా నెలనెలా జీతం, నెట్ గానీ గేట్ గానీ ఉంటే ఇంకాస్త ఎక్కువ. అన్నిటికంటే పెద్ద లాభం రికమండేషన్ లెటర్. "ఈ అమ్మాయి క్లాసులో ఫస్ట్ వచ్చింది" అని రాసే లెటర్ కంటే, "ఈ అమ్మాయి ఒక ప్రయోగాన్ని మొదటి నుంచి చివరిదాకా తనే నడిపింది" అని రాసే లెటర్‌కు ఎక్కడికి పంపినా విలువ ఉంటుంది.

ప్రాజెక్ట్‌లో ప్రమాదం కూడా ఉంది. కొన్నిచోట్ల మిమ్మల్ని డేటా తెచ్చే మనిషిగానే వాడుకుంటారు. రోజూ వచ్చినవాళ్ల తలకు ఎలక్ట్రోడ్ల టోపీలు పెట్టడం, తీయడం, కడగడం. విశ్లేషణ వేరేవాళ్లు చేస్తారు, పేపర్‌లో పేరు ఉండదు. చేరేముందే రెండు మాటలు అడగండి: విశ్లేషణ నాకు నేర్పుతారా, పని చేస్తే పేపర్‌లో నా పేరు ఉంటుందా? ఇది తప్పుగా అడగడం అనుకోకండి. మంచి గైడ్‌లు ఇలా అడిగే పిల్లల్నే ఇష్టపడతారు. ప్రాజెక్ట్ గ్రాంట్ ఎప్పటివరకు ఉందో కూడా కనుక్కోండి. మధ్యలో నిధులు ఆగిపోతే మొదట ఆగేది మీ జీతమే.

పరకాల చెల్లెకు నేను ప్రాజెక్టే చెప్పాను. 30 లక్షల లోన్‌తో ఏడాది మాస్టర్స్ వద్దన్నాను. స్కాలర్‌షిప్ వస్తే వేరే మాట, యూరప్‌లో మాస్టర్స్‌కు ఇచ్చే ఎరాస్మస్ ముండస్ లాంటివి ఉన్నాయి, ప్రయత్నించాల్సిందే. బ్రిటన్ వాళ్ల చీవ్‌నింగ్‌కు రెండేళ్ల పని అనుభవం కావాలి కాబట్టి అది ఆమెకు ఇంకా దూరం. కానీ లోన్‌తో పోతే పీహెచ్‌డీ ఐదేళ్లూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, ఫెలోషిప్ డబ్బుతో ఆ ఈఎంఐ కట్టడం కుదరదు. ఆ ఒత్తిడికి చాలామంది పరిశోధన వదిలేసి ఏదో ఒక ఉద్యోగంలో చేరిపోవడం నేను కళ్లారా చూశాను. ఇక కౌన్సెలింగ్ గైడ్ దగ్గర సీటు మంచిదే, ఆమె ఆసక్తి అది అయితే. ఆమె ఆసక్తి చదవడం, అక్షరాలు, మెదడు.

ఈఈజీ, ఎఫ్ఎంఆర్ఐ, ప్రవర్తన ప్రయోగాలు: చేతికి ఏ పని కావాలి

మీరు ఏ పద్ధతి నేర్చుకుంటారో, రేపు ఎక్కడ పనిచేయగలరో అదే తేలుస్తుంది. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఈఈజీ అంటే తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడులోని విద్యుత్ మార్పులను రికార్డు చేయడం. 1924లో జర్మనీలోని యెనాలో హాన్స్ బెర్గర్ మొదటిసారి మనిషి మీద చేశాడు, 1929లో ప్రచురించాడు. మిల్లీసెకన్ల లెక్కన ఏం జరిగిందో ఇది చెబుతుంది, మెదడులో ఎక్కడ జరిగిందో అంత బాగా చెప్పలేదు. ఒక ఉదాహరణ. "తాత చాయ్‌లో చక్కెర వేసుకున్నాడు" అనే వాక్యం ఒక్కొక్క మాటగా తెర మీద చూపిస్తాం. ఇంకోసారి "తాత చాయ్‌లో చెప్పులు వేసుకున్నాడు" అని చూపిస్తాం. "చెప్పులు" కనిపించిన దాదాపు 400 మిల్లీసెకన్లకు నెగటివ్ వైపు పెద్ద అల కనిపిస్తుంది. మార్తా కుటాస్, స్టీవెన్ హిల్యార్డ్ 1980లో ఇంగ్లిష్ వాక్యాలతో బయటపెట్టిన ఎన్400 ఇదే. క్రియ చివర వచ్చే మన తెలుగులో ఇలాంటి ప్రయోగాలకు ఎంతో చోటుంది.

చేతి పని విషయానికొస్తే, మన దగ్గర ఈఈజీకి మొదటి శత్రువు కొబ్బరినూనె. నూనె పెట్టిన తల మీద ఎలక్ట్రోడ్ సరిగ్గా అంటదు, ఇంపీడెన్స్ (విద్యుత్‌కు అడ్డు) దిగదు. వచ్చేవాళ్లకు ముందురోజే ఫోన్ చేసి, షాంపూతో తలంటుకుని, నూనె రాయకుండా, పూలు పెట్టుకోకుండా రమ్మని చెప్పాలి. ఒత్తుగా జడ ఉన్న అమ్మాయికి 64 ఎలక్ట్రోడ్ల టోపీ పెట్టాలంటే పాయలు పాయలుగా వెంట్రుకలు పక్కకు తీస్తూ, ఒక్కో రంధ్రంలో జెల్ ఎక్కించుకుంటూ పోవాలి. మొదట్లో నాకు గంట పట్టేది. ఫ్యాన్, ట్యూబ్‌లైట్, ఛార్జర్ అన్నిటి నుంచీ 50 హెర్ట్జ్ రొద డేటాలోకి వస్తుంది. ఇవన్నీ పుస్తకంలో చదివి వచ్చేవి కావు.

ఎఫ్ఎంఆర్ఐ, అంటే ఎంఆర్ఐ స్కానర్‌లో పడుకోబెట్టి మెదడు పనిని చూడడం, దీనికి పూర్తిగా భిన్నం. 1990లో సెయిజీ ఒగావా చూపించిన సూత్రం ఆధారం: మెదడులో పని జరిగే చోటికి రక్తం ఎక్కువగా వస్తుంది, ఆక్సిజన్ మోతాదును బట్టి అయస్కాంత సిగ్నల్ మారుతుంది. మిల్లీమీటర్ల లెక్కన ఎక్కడో చెబుతుంది. కానీ ఆ రక్తం సిగ్నల్ ఉచ్ఛస్థితికి రావడానికి ఐదారు సెకన్లు పడుతుంది, కాబట్టి టైం విషయంలో మందం. స్కానర్ కోట్ల రూపాయల యంత్రం, గంటకు ఇంత అని కట్టాలి. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు. పెళ్లయిన ఆడవాళ్లను పుస్తెలతాడు, మెట్టెలు తీసి రమ్మని అడగాలి. కొందరు తీయరు, మనం బలవంతం చేయకూడదు, వాళ్లను మర్యాదగా వెనక్కి పంపాలి. అలా వెనక్కి పోయినవాళ్లంతా ఒకే వయసు, ఒకే రకం కుటుంబాలవాళ్లయితే శాంపిల్ ఒక పక్కకు ఒరిగిపోతుంది, పేపర్‌లో ఆ సంగతి రాయాలి.

మూడోది కేవలం ప్రవర్తన మీద ప్రయోగాలు: ఎంత వేగంగా జవాబిచ్చారు, ఎన్ని తప్పులు చేశారు, కన్ను ఎక్కడ ఆగింది. లాప్‌టాప్, ఉచితంగా దొరికే సైకోపై సాఫ్ట్‌వేర్ చాలు. చిన్నచూపు చూడకండి, ప్రశ్న పదునుగా ఉంటే చాలా దూరం పోతుంది. నాలుగోది వేరేవాళ్లు సేకరించి అందరికీ తెరిచిపెట్టిన డేటా మీద విశ్లేషణ. ఓపెన్‌న్యూరో అనే వెబ్‌సైట్ నుంచి ఎవరైనా దించుకోవచ్చు. హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్ట్‌లో దాదాపు 1,200 మంది యువకుల స్కాన్లు ఉన్నాయి, నిబంధనలకు ఒప్పుకుంటే వాడుకోవచ్చు. హన్మకొండలో ఇంట్లో కూర్చుని నేర్చుకోగలిగింది ఇదే. బీటెక్ పిల్లలు ఇక్కడి నుంచి మొదలుపెడితే ఏ ల్యాబ్‌కు మెయిల్ రాసినా చూపించడానికి ఒక పని ఉంటుంది.

నా ఎంపిక చెప్పాలంటే, తిరిగొచ్చి తెలంగాణలో పనిచేయాలనే ఆలోచన ఉన్నవాళ్లు ఈఈజీనీ ప్రవర్తన ప్రయోగాలనూ గట్టిగా నేర్చుకోండి, ఎఫ్ఎంఆర్ఐ డేటా విశ్లేషణ తెలుసుకుని ఉండండి. ఈఈజీ యంత్రాన్ని కారులో పెట్టుకుని నర్సంపేటలో బడికి తీసుకుపోవచ్చు. స్కానర్‌ను ఎక్కడికీ తీసుకుపోలేం. కేవలం ఎఫ్ఎంఆర్ఐ మాత్రమే వచ్చిన ఇద్దరు మిత్రులు దేశానికి తిరిగొచ్చాక స్కానర్ టైం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు.

గైడ్: అన్నిటికంటే పెద్ద ఎంపిక

నా పీహెచ్‌డీ మొదటి ప్రయోగంలో 22 మందిని రికార్డు చేశాను. తెర మీద మాట కనిపించిన క్షణాన్ని డేటాలో గుర్తించే మార్కర్ ఒక్కోసారి ఒక్కోలా ఆలస్యంగా పడుతోందని మూడు నెలల తర్వాత తెలిసింది. పక్క ల్యాబ్ సీనియర్ ఒకామె వచ్చి, తెర మూలకు వెలుతురును పసిగట్టే చిన్న ఫోటోడయోడ్ అంటించి, పది నిమిషాల్లో తప్పు చూపించింది. ఈఈజీలో మిల్లీసెకన్లే ప్రాణం కదా, 22 మంది డేటా పక్కన పెట్టేశాం. ఆ ప్రయోగం నడిచినన్నాళ్లూ మా గైడ్ నన్ను కలిసింది రెండుసార్లు. చాలా పెద్ద పేరున్న మనిషి, ఎప్పుడూ ప్రయాణాల్లో ఉండేవారు. నేను ఆ పేరు చూసే చేరాను. అంతకుముందు ఏడాది ప్రాజెక్ట్ చేసిన చిన్న ల్యాబ్‌లో, పేరు లేని ఒక కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్ శుక్రవారం శుక్రవారం నా పక్కన కూర్చుని నా కోడ్ వరుస వరుసా చదివేవారు. ఈ రోజుకీ నేను నా విద్యార్థులతో చేసేది ఆయన దగ్గర నేర్చుకున్నదే.

అలాగని కొత్త గైడ్ అయితే కళ్లు మూసుకుని చేరిపోమని చెప్పను. కొత్తవాళ్ల దగ్గర టైం ఉంటుంది, ఉత్సాహం ఉంటుంది, మీ పేపర్ వాళ్లకూ అవసరం కాబట్టి పని ముందుకు కదులుతుంది. డబ్బు తక్కువ, యంత్రాలు ఇంకా వస్తూ ఉంటాయి, మధ్యలో వేరే ఊరికి పోయే అవకాశమూ ఉంది. సీనియర్ల దగ్గర యంత్రాలు, గ్రాంట్లు, బయట పరిచయాలు ఉంటాయి. పదిహేను మంది స్కాలర్లలో మీరు ఒకరు. సీనియర్ దగ్గర చేరితే ల్యాబ్‌లో మంచి పోస్ట్‌డాక్ ఉన్నారో లేదో చూడండి, రోజువారీ నేర్పేది వాళ్లే.

చేరేముందు నేను ఇప్పుడు అందరితో చేయించే పని ఒకటుంది. ఆ ల్యాబ్ గత ఐదేళ్ల పేపర్లు తీయండి. మొదటి పేరు విద్యార్థులదా, గైడ్‌దా? పీహెచ్‌డీ పూర్తి చేసినవాళ్లు ఎన్నేళ్లలో చేశారు, ఇప్పుడు ఎక్కడున్నారు? మధ్యలో వదిలేసినవాళ్లు ఉంటే ఒకరితో ఫోన్‌లో మాట్లాడండి. ప్రస్తుత స్కాలర్లు క్యాంటీన్‌లో చెప్పేది వినండి, గైడ్ గదిలో చెప్పేది కాదు. డేటా, కోడ్ బయటపెడతారా, ప్రయోగం మొదలుపెట్టకముందే ప్లాన్‌ను రిజిస్టర్ చేస్తారా అని అడగండి. ఇది ఎందుకంటే 2015లో వందకు దగ్గరగా సైకాలజీ పరిశోధనలను మళ్లీ చేసి చూస్తే, అసలు ఫలితం గణాంకపరంగా నిలబడింది దాదాపు 36 శాతంలోనే. పదిహేను మందితో ప్రయోగం చేసి పెద్ద మాట చెప్పే అలవాటున్న ల్యాబ్‌లో ఐదేళ్లు గడిపితే ఆ అలవాటు మీకూ అంటుకుంటుంది. ఒక్కసారి అంటుకున్నాక పోగొట్టుకోవడం కష్టం.

హైదరాబాదా, వేరే రాష్ట్రమా, విదేశమా

హైదరాబాద్ లాభం మామూలుది కాదు. కాజీపేటలో రైలెక్కితే రెండు మూడు గంటల్లో సికింద్రాబాద్. అమ్మకు బాగాలేకపోతే రాత్రికి ఇంటికి రావచ్చు. తెలుగు మాట్లాడే పార్టిసిపెంట్లు కావాల్సినంత మంది. నెట్ ద్వారా వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) ఉంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్) కింద 42,000 రూపాయలు, 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేట్లు ఇవి. డబ్బు కొన్నిసార్లు నెలలు ఆలస్యమవుతుంది, మూడు నెలల ఖర్చు పక్కన పెట్టుకోవాలి. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఆడపిల్లలకు ఇంకో రెండేళ్ల వెసులుబాటు, 240 రోజుల వరకు ప్రసూతి సెలవు ఉన్నాయి. చాలామందికి ఈ సంగతి తెలియక పెళ్లవగానే మానేస్తున్నారు.

వేరే రాష్ట్రాలకు వెళ్లేవాళ్లలో జంతువుల మీద, న్యూరాన్ల స్థాయిలో చేయాలనుకునేవాళ్లకు బెంగళూరు ఐఐఎస్‌సీలోని న్యూరోసైన్స్ సెంటర్, పేషెంట్లతో పనిచేయాలనుకునేవాళ్లకు అదే ఊళ్లోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్ చూడమంటాను.

అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీతో నేరుగా పీహెచ్‌డీలో చేరవచ్చు, ఐదారేళ్లు పడుతుంది, మొదట్లో క్లాసులుంటాయి, స్టైపెండ్ ఇస్తారు. ఇంకా ఏ ప్రశ్న మీద పనిచేయాలో తేల్చుకోని వాళ్లకు ఇది మంచిది. జర్మనీ, నెదర్లాండ్స్‌లో ముందే మాస్టర్స్ ఉండాలి, మూడు నాలుగేళ్ల పని. నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్లు సాధారణంగా జీతం తీసుకునే ఉద్యోగులే. జర్మనీలోని లైప్‌జిగ్‌లో మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్, నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌లో డోండర్స్ ఇన్‌స్టిట్యూట్, ఈ రంగంలో ప్రపంచమంతా చూసే చోట్లు. ఇండియాలో మాస్టర్స్, ఒక ప్రాజెక్ట్ పూర్తి చేసి, ప్రశ్న స్పష్టంగా ఉన్నవాళ్లకు నేను యూరప్‌నే చెబుతాను. స్టైపెండ్ లేకుండా ఫీజు కట్టి పీహెచ్‌డీ చేయమంటే ఏ దేశమైనా వద్దు.

పీహెచ్‌డీ తర్వాత

పోస్ట్‌డాక్‌కు పోవాలా, వెంటనే ఉద్యోగం చూసుకోవాలా? పరిశోధన నడిపే ఉద్యోగం కావాలంటే పోస్ట్‌డాక్ దాదాపు తప్పదు, అదీ పీహెచ్‌డీ చేసిన చోట కాకుండా వేరేచోట, వేరే పద్ధతి నేర్పే చోట. యూరప్‌లో మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ అయిన ఎనిమిదేళ్లలోపు వేసుకోవచ్చు. తిరిగి రావడానికి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) వాళ్ల రామలింగస్వామి రీ-ఎంట్రీ ఫెలోషిప్ ఉంది. పరిశోధకులకు ఫెలోషిప్‌లిచ్చే ఇండియా అలయన్స్ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది.

పాఠం చెప్పడం ఇష్టమైతే, యూజీసీ 2023 సవరణ తర్వాత అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు కనీస అర్హత నెట్ లేదా సెట్, నియామకానికి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. ఇక్కడ చాలామంది దెబ్బతినే విషయం ఒకటుంది. రాష్ట్రంలో వచ్చే నోటిఫికేషన్లలో పోస్టు "సైకాలజీ" అనో "జువాలజీ" అనో ఉంటుంది. "కాగ్నిటివ్ సైన్స్" అని ఉండదు. మీ డిగ్రీ "సంబంధిత సబ్జెక్టా" అనే చర్చ స్క్రూటినీలో మొదలవుతుంది. నా స్నేహితురాలు ఒకామె ఆ ఒక్క మాట మీద రెండేళ్లు పోగొట్టుకుంది. కాబట్టి మాస్టర్స్ ఏ సబ్జెక్టులో ఉందో ఆ సబ్జెక్టులో నెట్ గానీ, ఉస్మానియా నిర్వహించే మన రాష్ట్ర సెట్ గానీ పీహెచ్‌డీ మొదటి ఏడాదిలోనే రాసి పెట్టుకోండి. థీసిస్ టైటిల్‌లోనూ ఆ సబ్జెక్టు పేరు కనిపించేలా చూసుకోండి.

కంపెనీల దారి కూడా ఉంది: యూజర్ రీసెర్చ్, డేటా సైన్స్, వైద్య పరికరాలు. కోడింగ్, స్టాటిస్టిక్స్ వచ్చినవాళ్లకు ఆ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అటు పోవడాన్ని ఓటమిగా చూడొద్దు.

ఇంట్లో పెట్టాల్సిన లెక్క

ఆ రోజు పరకాల చెల్లె వాళ్ల బాపు ముందు ఒక తెల్లకాగితం మీద రాశాను. ఇప్పుడు 23. ప్రాజెక్ట్ ఒక ఏడాది, 24. పీహెచ్‌డీ ఐదేళ్లు, 29. పోస్ట్‌డాక్ రెండు మూడేళ్లు, 32. అప్పుడు స్థిరమైన ఉద్యోగానికి ప్రయత్నం. అప్పటిదాకా ఇంటి నుంచి డబ్బు అడగదు, ఇంటికి పెద్దగా పంపనూ లేదు. పెళ్లి మధ్యలో ఎప్పుడైనా చేసుకోవచ్చు, అవతలివాళ్లకు ఈ కాగితం చూపించి.

ఆయన కాగితం మీద ఒక్కో అంకె కింద వేలు పెట్టి మెల్లగా చదివారు. లోన్ గురించి అడుగుతారనుకున్నాను, పెళ్లి గురించి అడుగుతారనుకున్నాను. "హాస్టల్ ఉంటదా అమ్మా?" అన్నారు.

ప్రాజెక్ట్ ఏడాదికి చాలాచోట్ల ఉండదు, జీతంతో పాటు ఇంటి అద్దె కోసం హెచ్ఆర్ఏ ఇస్తారు, గచ్చిబౌలి వైపు నలుగురు అమ్మాయిలు కలిసి గది తీసుకుంటారు. పీహెచ్‌డీలో చేరాక హాస్టల్ ఉంటుంది, దొరకకపోతే జేఆర్ఎఫ్ ఉన్నవాళ్లకు హెచ్ఆర్ఏ వస్తుంది. అదే చెప్పాను. ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆగస్టు మొదటి వారంలో ఆమె ల్యాబ్‌లో చేరింది.